కూలబడిన కోడి

కోడి కాళ్లు చాపి మూలపడితే, "ఇక ఇది దక్కదు, కోసేద్దాం" అంటారు పెద్దలు. కాని పిల్లలూ, ఒకప్పుడు అలా కూలబడిన కోళ్లే మనుషుల జబ్బుకు మందు చూపించాయి!

జావాలోని బటేవియాను ఇప్పుడు జకార్తా అంటున్నారు. అక్కడ ఐక్మన్ అనే డచ్చి డాక్టరు, మనుషుల కాళ్లు పడిపోయే బెరిబెరి జబ్బుకు కారణం వెతుకుతూ ఉండేవాడు. 1889 లో ఆయన కోళ్లు కూడా నడవలేక కూలబడ్డాయి. నవంబరులో ఆ జబ్బు దానంతటదే మాయమయింది. ఆరా తీస్తే సంగతి తెలిసింది. ఆ నెలల్లో కోళ్లకు ఆస్పత్రి వంటశాలలో మిగిలిన తెల్లన్నం పెట్టారు. కొత్త వంటవాడు ఇవ్వననేసరికి, మళ్లీ తవుడు పోని బియ్యం పెట్టారు. తవుడులో ఉన్నది బి1 విటమిన్ అని తరువాతివాళ్లు తేల్చారు. ఐక్మన్‌కు 1929 లో నోబెల్ బహుమానం వచ్చింది.

మన దేశంలో 1918 లో కూనూరులో మొదలైన బెరిబెరి పరిశోధనే పెరిగి, నేడు హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా నిలిచింది. అక్కడినుంచి ఉప్పల్ మీదుగా వరంగల్ రోడ్డున పోతే అన్నోజిగూడ వస్తుంది.

అన్నోజిగూడలో మీ పెరటి కోడి కూలబడితే ఏం చేయాలి? వేరుగా, మెత్తని గడ్డిమీద ఉంచండి. నీళ్లు, నూకలు, తవుడు ముక్కుకు అందేలా పెట్టండి. కాలికి దారం చుట్టుకుందేమో, ముల్లు దిగిందేమో చూడండి. అయితే తవుడుతో ప్రతి కోడీ లేవదు. కొక్కెర తెగులు, మారెక్ జబ్బు కూడా కాళ్లు పడగొడతాయి. మిగతా కోళ్లకు అంటుకుంటాయి. కనుక సబ్బుతో చేతులు కడుక్కుని, వెంటనే పశువుల డాక్టరుకు చెప్పండి. జబ్బు కోడిని మాత్రం కోసుకు తినకూడదు.