కాకిబంగారం నుంచి సుర్మా దాకా

ఇలాంటి సంచికల్లో మాలాంటి పంతుళ్ళు చదువుల గురించో, స్కాలర్‌షిప్పుల గురించో రాస్తుంటారు. ఈసారి నేను రాళ్ళ గురించి రాస్తున్నాను. చివరికి అది మన పిల్లల విషయమే అవుతుంది కాబట్టి దాతలు కాస్త ఓపిక పట్టాలి.

కొండాపురంలో నా తరగతికి ఏటా ఎవరో ఒక పిల్లవాడు వాగు ఇసుకలో దొరికిన తళుకు రేకు పట్టుకొచ్చి, "సార్, ఇది బంగారమా?" అని అడుగుతాడు. మన పెద్దలు దానికి ఎప్పుడో కాకిబంగారం అని పేరు పెట్టారు. అది అభ్రకం, అంటే మైకా. మన ప్రాంతంలో గూడూరు, సైదాపురం, రాపూరు, ఆత్మకూరు వైపు గనుల్లో తీసిన మైకా ఒకప్పుడు ఓడలెక్కి విదేశాలకు వెళ్ళింది. పాత ఇస్త్రీపెట్టె విప్పితే లోపల వేడి తీగ చుట్టి ఉండే పలక కూడా మైకాయే.

భూమిలో సహజంగా ఏర్పడి, ఇంచుమించు స్థిరమైన రసాయన కూర్పుతో, లోపల పరమాణువులు ఒక వరసలో అమరి ఉండే ఘన పదార్థమే ఖనిజం. రాయి వేరు. గ్రానైట్ బండలో పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, మైకా కలిసి ఉంటాయి. బిర్యానీని రాయి అనుకుంటే బియ్యం, ఉప్పు, మసాలా ఖనిజాల వంటివి. అన్నట్టు, ఉప్పు నిజంగానే ఖనిజం. దీపపు మసి మాత్రం కాదు, అది మనం చేసుకున్నది.

గుర్తుపట్టేటప్పుడు అందరూ ముందు రంగు చూస్తారు. నేనైతే రంగును ఆఖరున చూడమంటాను. పలుగురాయి తెల్లగా ఉంటుంది, గులాబీగా ఉంటుంది, ఊదాగానూ ఉంటుంది. మన ఉంగరాల్లోని అకీక్ కూడా ఆ కుటుంబానిదే. రంగు కన్నా గీత నయం. మెరుగు లేని టైలు వెనకవైపు రాయిని గీయండి. బంగారం పసుపు గీత గీస్తుంది. బంగారంలా మెరిసే పైరైట్ నల్లటి గీత పెట్టి తన గుట్టు తానే బయటపెట్టుకుంటుంది. తర్వాత గట్టిదనం. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీనికి 1 నుంచి 10 దాకా కొలత పెట్టాడు. పలక మీద రాసే బలపపు రాయిలోని టాల్క్ 1, వజ్రం 10. మన గోరు సుమారు రెండున్నర. పలుగురాయి 7, దాని మీద చాకు గీత పడదు.

బరువు కూడా చాలా చెబుతుంది. కోడూరు దగ్గరి మంగంపేట ముగ్గురాయిని, అంతే సైజు పలుగురాయిని రెండు చేతుల్లో పెట్టి చూడండి. ముగ్గురాయి నీటికి నాలుగున్నర రెట్లు బరువు, పలుగురాయి రెండున్నర రెట్లు దాటి కాస్త. త్రాసు అక్కర్లేదు, చెయ్యే చెబుతుంది. ఇక విరిగే తీరు ఉంది. మైకా పొరలు పొరలుగా లేస్తుంది, పలుగురాయి గాజు పెంకులా పగులుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. సుర్మా కూడా ఖనిజమే. ఇస్మిద్ అని పెద్దలు చెప్పే రాయి ఆంటిమొనీ, గంధకం కలిసిన స్టిబ్నైట్. దానిలాగే బూడిదరంగులో తళతళలాడేది ఇంకొకటి ఉంది. అది గెలీనా, అంటే సీసపు ఖనిజం. వినుకొండ దగ్గరి బండ్లమోటులో ఒకప్పుడు సీసం గని నడిచింది కూడా. రాయిగా ఉన్నప్పుడు ఈ రెంటినీ విడదీయటం కష్టం కాదు. గెలీనా చిన్న చిన్న ఘనాలుగా విరుగుతుంది, నీటికి ఏడున్నర రెట్లు బరువు. స్టిబ్నైట్ పొడుగాటి సూదుల్లా ఉంటుంది, బరువు నాలుగున్నర రెట్లే. కానీ మెత్తగా నూరి సీసాలో పోశాక ఈ గుర్తులేవీ మిగలవు. గీత రంగూ ఒకటే. అమ్మేవాడికీ తెలియకపోవచ్చు. మన దేశంలో, గల్ఫ్‌లో అమ్మే సుర్మాలను ప్రయోగశాలల్లో పరీక్షిస్తే చాలావాటిలో గెలీనాయే కనబడింది.

పిల్లవాడు కళ్ళు నులుముకుంటాడు, అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటాడు. ఒంట్లో చేరిన సీసం ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. ఇంత వరకైతే ఫరవాలేదని చెప్పదగ్గ మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. చదువులో వెనకబడిన పిల్లలందరికీ ఇదే కారణమని నేననను. తీసేయగలిగిన కారణాన్ని మాత్రం ఎందుకు ఉంచుకోవాలి?

రంజాన్ కానుకల సంచుల్లో అత్తరుతో పాటు సుర్మా సీసా పెట్టే దాతలు ఆ డబ్బుతో నోటుపుస్తకం పెట్టమని నా కోరిక. ఉమ్రా నుంచి బంధువులు తెచ్చిన సీసా ఉంటే, ప్రేమగా తీసుకుని, పసిపిల్లల కళ్ళకు మాత్రం పెట్టకండి. ఇప్పటికే రోజూ పెడుతున్న ఇళ్ళవాళ్ళు రక్తంలో సీసం పరీక్ష గురించి డాక్టరుగారిని అడగండి.