మీకు తెలుసా? వృషణాల్లో హఠాత్తుగా వచ్చే నొప్పికి గడువు 6 గంటలే!

బందరు, గుడివాడ, దివిసీమ ఊళ్లలో మగవాళ్లకు వృషణాల దగ్గర వాపు కనిపిస్తే ముందు వరిబీజమనే అనుకుంటారు. కారణం లేకపోలేదు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే బోదకాలు పురుగులు వృషణాల దగ్గరి శోషరస నాళాల్లో కాపురం పెడతాయి. ఏళ్ల తరబడి నీరు చేరి సంచి బరువెక్కుతుంది. దీనికి ఆపరేషన్ ఉంది, పంచె చాటున దాచుకోనక్కర్లేదు.

హఠాత్తుగా ఒకవైపే భరించలేని నొప్పి, వాంతులు వస్తే మాత్రం సంగతి వేరు. వృషణం మెలిపడి రక్తసరఫరా ఆగిపోయి ఉండొచ్చు. 12 నుంచి 18 ఏళ్ల కుర్రాళ్లలో ఇది ఎక్కువ, నిద్రలోనూ రావచ్చు. సిగ్గుతో చాలామంది కడుపునొప్పి అనే చెబుతారు, అమ్మానాన్నలే గట్టిగా అడగాలి. నొప్పి మొదలైన 6 గంటల్లోపు ఆపరేషన్ జరిగితే వృషణం దక్కే అవకాశం చాలా ఎక్కువ. ఆలస్యమైతే తీసేయాల్సి రావచ్చు. దివిసీమలోని నాగాయలంక నుంచి ఆసుపత్రి కోసం బందరు చేరడానికే గంటకు పైగా పడుతుంది. అందుకే నొప్పి సూది వేయించుకుని తెల్లారేదాకా ఆగడం ప్రమాదం.

జ్వరంతో వాపు, మూత్రంలో మంట, నొప్పిలేని గట్టి గడ్డ ఉన్నా డాక్టరుకు చూపించాల్సిందే. హఠాత్తు నొప్పికి మాత్రం అర్ధరాత్రయినా సరే, వెంటనే 108కి ఫోన్ చేయండి.