నలుపు తెలుపు గళ్లలో దాగిన పాఠం

పిల్లలూ! మీ పాఠ్యపుస్తకం తెరవండి. చాలా పుస్తకాల్లో పాఠం పక్కన నలుపు తెలుపు గళ్ల చిన్న చదరం కనిపిస్తుంది. దాన్ని క్యూఆర్ కోడ్ అంటారు. ఆ చదరానికీ, గుంటూరు, ప్రకాశం మిరపచేలకూ సంబంధం ఉందంటే నమ్ముతారా? చూద్దాం రండి.

ఈ ప్రాంతంలో శీతాకాలం పత్తితీతలు, జనవరి నుంచి వేసవి దాకా మిరపకోతలు. ఈ పనులకు కర్నూలు పడమటి పల్లెల నుంచి కూడా కుటుంబాలు పిల్లాపాపలతో తరలివస్తాయి. సరిగ్గా అప్పుడే బడిలో ముఖ్యమైన పాఠాలు నడుస్తుంటాయి. నెలరోజులు బడి తప్పిన పిల్లవాడి సంచిలో పుస్తకం ఉండవచ్చు. కాని అర్థంకాని చోట అడుగుదామంటే పక్కన మాస్టారు ఉండరు.

దూరాన ఉన్నవారికి చదువు అందించాలన్న ఆలోచన కొత్తది కాదు. 1982లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అచ్చుపుస్తకాలకు రేడియో పాఠాలను జోడించింది. 2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. అయితే రేడియో, టీవీ తమ వేళకే పలుకుతాయి. ఆ గంటలో చేలో ఉన్నవారికి పాఠం దక్కదు. పుస్తకం అలా కాదు, ఎప్పుడు తెరిచినా సిద్ధమే. కాని గుండె ఎలా కొట్టుకుంటుందో అది కదిలించి చూపలేదు. ఈ రెండు లోట్లనూ తీర్చే వంతెనే గళ్ల చదరం. 2017 సెప్టెంబర్ 5న మొదలైన 'దీక్ష' ద్వారా, ఫోనుతో ఆ చదరాన్ని చూపితే ఆ పాఠం తాలూకు వీడియో తెరుచుకుంటుంది.

గళ్లు ఎలా పలుకుతాయి?

జపానులో మసహిరో హరా బృందం 1994లో కారు విడిభాగాలను గుర్తించడానికి ఈ చదరాన్ని తయారుచేసింది. నల్లగడిని 1, తెల్లగడిని 0 అనుకోండి. మూడు మూలల్లో ఉన్న పెద్ద చదరాలు ఫోనుకు గుర్తులు. పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకున్నా, ఏది పైవైపో వాటిని బట్టి ఫోను తెలుసుకుంటుంది. మిగతా గళ్లలో ఉండేది పాఠం కాదు, పాఠం ఉన్న చోటి చిరునామా మాత్రమే!

పేజీ మీద కారం మరక పడితే? 4, 7, 5 అనే అంకెల పక్కన వాటి మొత్తం 16 కూడా రాశామనుకోండి. 7 చెరిగిపోయినా, 16లోంచి 9 తీసేసి దాన్ని రాబట్టవచ్చు. గళ్లలోనూ ఇలాంటి అదనపు అంకెలు ఉంటాయి. ఈ పద్ధతిని 1960లో రీడ్, సాలమన్ అనే గణితజ్ఞులు కనిపెట్టారు. అత్యధిక రక్షణ ఉన్న కోడ్‌లో దాదాపు 30 శాతం సమాచారం చెడినా తిరిగి రాబట్టవచ్చు.

మరి నెట్ లేకపోతే?

చిరునామా ఉన్నా దారి లేకపోతే ఇల్లు చేరలేం కదా! అందుకే పాఠాలను ముందే పరికరంలో దాచే పద్ధతి వచ్చింది. 2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో, 8వ తరగతి పిల్లలకు పాఠాలు నింపిన ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. ఆ ఏడాది ఏప్రిల్ దాకా ఆ ఊరు గుంటూరు జిల్లాలోదే. 'దీక్ష'లో కూడా నెట్ ఉన్నచోట పాఠాన్ని దింపుకొని, లేనిచోట చూసుకోవచ్చు.

ఇంట్లో ఉన్న ఒక్క ఫోను పగలంతా నాన్న జేబులోనే ఉంటుందా? అయితే ఇలా చేయండి. పగలు పుస్తకం చదివి, అర్థంకాని చోట పెన్సిలుతో గీత పెట్టుకోండి. సాయంత్రం ఫోను దొరికిన పది నిమిషాలూ ఆ గీతల కోసమే వాడండి. వీడియో చూశాక మళ్లీ పుస్తకం చదవండి. గీత చెరిపేయగలిగితే పాఠం వచ్చినట్టే!

మీరే చేసి చూడండి: చదరం మధ్యలో చిన్న కాగితం ముక్క ఉంచి ఫోను పట్టండి. తర్వాత మూలనున్న పెద్ద చదరాన్ని ఒకదాన్ని మూసి చూడండి. తేడా ఎందుకు వచ్చిందో మీ మాటల్లో చెప్పగలరా? కోతల నుంచి బడికి తిరిగొచ్చిన నేస్తానికి కూడా చూపించండి. తప్పిపోయిన పాఠాలకు దారి ఆ గళ్లలోనే ఉంది.