ఫ్రిజ్ వెనక ఫోన్ పడిపోయిందా? ఇనప రాడ్డు పట్టుకునే ముందు ఇది చదవండి

కూర్మన్నపాలెంలో మా అక్క వాళ్ల ఫ్లాట్‌లో ఫ్రిజ్ విడిగా ఉండదు. మాడ్యులర్ కిచెన్ చేయించినప్పుడు కార్పెంటర్ దాన్ని ప్లైవుడ్ కప్‌బోర్డుల మధ్య గూట్లోకి దూర్చేశాడు. పైన జానెడు ఖాళీ, వెనక రెండు వేళ్ల సందు. పక్కనే ప్లగ్ పాయింట్ ఉందని మా బావ రోజూ ఆ ఫ్రిజ్ మీదే ఫోన్‌కి ఛార్జింగ్ పెడతాడు. మొన్న రాత్రి వైబ్రేషన్‌లో ఉన్న ఫోన్‌కి కాల్ వచ్చింది. ఫోన్ మెల్లగా జరిగి జరిగి వెనక సందులోకి టప్‌మని పడిపోయింది.

తెల్లారితే ఆయనకి స్టీల్ ప్లాంట్‌లో ఉదయం షిఫ్ట్. అలారం అందులోనే, బ్యాంక్ ఓటీపీలు అందులోనే. కంగారులో బాల్కనీలోంచి ఓ ఇనప రాడ్డు పట్టుకొచ్చి సందులో పెట్టబోయాడు. "బావా, ప్లాంట్‌లో మోటార్ దగ్గర కూడా ఇలాగే చేస్తావా?" అన్నాను. "షట్‌డౌన్ తీసుకోకుండా ఎలా ముట్టుకుంటాం?" అన్నాడు, అని తనే ఆగిపోయాడు.

ఈ ఆర్టికల్ మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సిన మాట అదే. ముందు షట్‌డౌన్, తర్వాతే పని. ఫోన్ పోతే కొనుక్కోవచ్చు. ఫ్రిజ్ వెనక ఉన్నవాటితో మాత్రం ఆటలు కుదరవు.

ఫ్రిజ్ వెనక అసలు ఏముంటుంది?

పాత మోడళ్లలో వెనక నల్లటి జాలీలా కండెన్సర్ గొట్టాలు కనిపిస్తాయి. కొత్తవాటిలో చాలా వరకు ఆ గొట్టాలు గోడల లోపలే ఉంటాయి, వెనక భాగం చదునుగా ఉంటుంది. రెండింటిలోనూ అడుగున వెనకవైపు కంప్రెసర్ ఉంటుంది. దాన్నుంచి బయటికొచ్చే గొట్టం బాగా వేడెక్కుతుంది.

ఇప్పుడొచ్చే ఇంటి ఫ్రిజ్‌లలో ఎక్కువ వాటిలో ఆర్600ఏ అనే గ్యాస్ నింపుతున్నారు. దీని అసలు పేరు ఐసోబ్యూటేన్. అంటే మన వంటగ్యాస్ కుటుంబమే, మండుతుంది. ఉండేది కొద్ది గ్రాములే అయినా తేడా ఎక్కడుందంటే, వంటగ్యాస్ లీకైతే తెలియాలని అందులో వాసన కలుపుతారు. ఫ్రిజ్ గ్యాస్‌కి ఆ వాసన ఉండదు. రాడ్డు తగిలి సన్నటి రాగి గొట్టం చిట్లితే ముక్కు పట్టుకోలేదు. మీ ఫ్రిజ్‌లో ఏ గ్యాస్ ఉందో లోపల గానీ వెనక గానీ అంటించిన లేబుల్ మీద రాసి ఉంటుంది.

ఇంకోటి నీళ్ల ట్రే. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో కరిగిన మంచు నీళ్లు వెనక ఉన్న చిన్న ట్రేలోకి చేరి, కంప్రెసర్ వేడికి ఆవిరైపోతాయి. వైజాగ్ లాంటి ఉక్కపోత ఊళ్లో తలుపు తీసిన ప్రతిసారీ తేమ లోపలికి వెళ్తుంది కాబట్టి ట్రేలో నీళ్లు ఎక్కువే ఉంటాయి. ఫోన్ నేరుగా అందులో పడే అవకాశం కూడా ఉంది.

స్టెప్ 1: కేబుల్ లాగకండి, స్విచ్ ఆపండి

ఫోన్ ఛార్జింగ్‌లో ఉండగా పడితే కేబుల్ ఇంకా దానికే వేలాడుతూ ఉండొచ్చు. చాలామంది చేసే మొదటి తప్పు, కేబుల్‌ని ఒక్క లాగు లాగడం. టైప్-సీ కనెక్టర్ కొత్తగా ఉన్నప్పుడు ఊడి రావాలంటే కనీసం 8 న్యూటన్ల బలం కావాలని దాని ప్రమాణం చెబుతోంది. 200 గ్రాముల ఫోన్ బరువు 2 న్యూటన్లే. అంటే నిదానంగా, నిటారుగా పైకి తీస్తే ఫోన్ కేబుల్‌తో పాటే వచ్చే ఛాన్స్ ఉంది. కుదిపితే, పక్కకి లాగితే, లేదా పోర్ట్ వదులైపోయి ఉంటే మాత్రం ఊడిపోతుంది. ముందు ఛార్జర్ స్విచ్ ఆపి, అడాప్టర్ తీసి, తర్వాత అంగుళం అంగుళం పైకి తీయండి. ఎక్కడైనా పట్టేసినట్టుంటే ఆపేయండి.

ఆ తర్వాత ఫ్రిజ్ స్విచ్ ఆపండి. గూట్లో పెట్టిన ఫ్రిజ్‌లకి ప్లగ్ చాలాసార్లు వెనకే ఉండిపోతుంది. అలాంటప్పుడు వంటగది ఎంసీబీ దించేయండి. ఇల్లంతా మెయిన్ ఆపితే వై-ఫై కూడా పోతుంది, ఫోన్ వెతకడానికి అది కావాలి.

కూరలు పాడైపోతాయని భయం వద్దు. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్‌లో చల్లదనం సుమారు 4 గంటలు నిలుస్తుంది. పని అయ్యాక స్విచ్ వేసే ముందు కనీసం 5 నిమిషాలు ఆగండి, కంప్రెసర్‌లో ఒత్తిడి సర్దుకోవాలి.

స్టెప్ 2: ఫోన్ ఎక్కడుందో తెలుసుకోండి

ఫ్రిజ్ చప్పుడు ఆగింది కాబట్టి ఇప్పుడు రింగ్ చేయండి. సైలెంట్‌లో ఉంటే? ఆండ్రాయిడ్ అయితే ఇంట్లో వేరే ఫోన్‌లో గూగుల్ ఫైండ్ హబ్ తెరిచి మీ అకౌంట్‌తో లాగిన్ అయ్యి సౌండ్ ఆప్షన్ నొక్కండి. ఇదివరకు దీని పేరు ఫైండ్ మై డివైస్, 2025లో మారింది. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా 5 నిమిషాల పాటు ఫుల్ వాల్యూమ్‌లో మోగుతుంది. ఐఫోన్ అయితే ఫైండ్ మైలో ఇదే పని జరుగుతుంది. రెండింటికీ ఫోన్ ఆన్‌లో ఉండాలి, నెట్ ఉండాలి.

శబ్దం పైనుంచి వస్తోందా, కింద నుంచి వస్తోందా గమనించండి. పైనుంచి అయితే గొట్టాల జాలీలోనో వైర్ల మధ్యో ఇరుక్కుంది. కిందనుంచి అయితే ట్రే దగ్గరో, నేల మీదో ఉంది.

తర్వాత కళ్లతో చూడాలి. రెండో ఫోన్‌లో ఫ్లాష్ వేసి వీడియో ఆన్ చేసి సందు పైన పట్టుకోండి. దాని కవర్‌కి ఒక తాడు కట్టడం మర్చిపోకండి, లేకపోతే రెండు ఫోన్ల కథ అవుతుంది. సందు మరీ ఇరుకైతే ఎండోస్కోప్ కెమెరా బాగా పనికొస్తుంది. టైప్-సీతో ఫోన్‌కి తగిలించే ఈ కెమెరా పెన్సిల్ కంటే లావుండదు, కొసన ఎల్‌ఈడీ లైట్లు ఉంటాయి. చాలా మోడళ్లతో చిన్న కొక్కెం, అయస్కాంతం కూడా ఇస్తారు. ఏసీ, వాషింగ్ మెషీన్, సింక్ పైపు, అన్నింటికీ పనికొచ్చే గాడ్జెట్ ఇది.

స్టెప్ 3: ఏ పనిముట్టు వాడాలి?

ఇనప రాడ్డు, బట్టల హ్యాంగర్ తీగ, కత్తి వద్దు. కరెంట్ ఆపినా గొట్టానికి గుచ్చుకునే ప్రమాదం అలాగే ఉంటుంది. ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ బెస్ట్. చదునుగా, తేలిగ్గా ఉంటుంది, కావాల్సిన పొడవుకి కోసుకోవచ్చు. లేదంటే బూజు కర్ర. కొసన డబుల్ సైడ్ ఫోమ్ టేప్ అంటించి, ఫోన్ చదును భాగానికి గట్టిగా నొక్కి, పది సెకన్లు ఆగి పైకి తీయండి. టేప్ గాజు మీద బాగా పట్టుకుంటుంది. సిలికాన్ కవర్ మీద సరిగ్గా పట్టదు.

ఉక్కు ఊరు కదా, అందరికీ ముందు అయస్కాంతమే గుర్తొస్తుంది. కానీ ఫోన్ బాడీ గాజు, అల్యూమినియం, ప్లాస్టిక్. ఇవేవీ అయస్కాంతానికి అంటుకోవు. పైగా ఫ్రిజ్ ఒంటి మీద ఇనప రేకు ఉంటుంది కాబట్టి అయస్కాంతం వెళ్లి దానికే అతుక్కుంటుంది. ఐఫోన్ 12 నుంచి వచ్చిన చాలా మోడళ్లలో మాత్రం వెనక మాగ్‌సేఫ్ అయస్కాంత వలయం ఉంది. అలాంటి ఫోన్ అయితే, లేదా కవర్‌కి కారు మౌంట్ కోసం ఇనప బిళ్ల అంటించి ఉంటే, అప్పుడు అయస్కాంతం చక్కగా పనిచేస్తుంది.

ఇయర్‌బడ్, సిమ్, ఉంగరం లాంటి చిన్నవి పడితే వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం మూతికి పల్చటి సాక్స్ తొడిగి రబ్బర్ బ్యాండ్ వేయండి. వస్తువు సాక్స్‌కి అతుక్కుని బయటికొస్తుంది, లోపలికి పోదు. ట్రేలో నీళ్లున్నాయనిపిస్తే ఈ పద్ధతి వద్దు.

స్టెప్ 4: పైనుంచి రాకపోతే కిందనుంచి

చాలామంది పట్టించుకోని దారి ఇది. గూటి అడుగున ముందు కనిపించే స్కర్టింగ్ పలక చాలా కిచెన్లలో క్లిప్పులతోనే ఉంటుంది. మెల్లగా లాగితే ఊడొస్తుంది. ఫ్రిజ్ కింద అంగుళం ఖాళీ ఉన్నా చాలు, 8 మిల్లీమీటర్ల మందమున్న ఫోన్ పడుకుంటే అందులోంచి వచ్చేస్తుంది. బావ ఫోన్ వెనక నేల మీద గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పైనుంచి పట్టీతో నెమ్మదిగా నెట్టి పడుకోబెట్టాం. తర్వాత కిందనుంచి టేప్ అంటించిన పట్టీ పెట్టి లాగాం. ఇరవై నిమిషాల పని.

లాగక తప్పకపోతే

ముందు మీది ఏ రకమో చూసుకోండి. మన ఇళ్లలో బిల్ట్-ఇన్ అని పిలిచేవి ఎక్కువగా మామూలు ఫ్రిజ్‌లే, గూట్లో పెట్టినవి. సామాన్లు తీసేసి, ఇద్దరు కలిసి ముందుకి లాగొచ్చు. కింద పాత దుప్పటి వేస్తే టైల్స్ గీరుకోవు. ఫ్రిజ్ తలుపు మీద కప్‌బోర్డ్ తలుపే బిగించి ఉంటే అది నిజమైన బిల్ట్-ఇన్. దాన్ని బ్రాకెట్లు, స్క్రూలతో క్యాబినెట్‌కి బిగిస్తారు. దాన్ని మాత్రం మీరు లాగకండి, టెక్నీషియన్‌ని పిలవండి. డిస్పెన్సర్ ఉన్న ఫ్రిజ్ అయితే వెనక నీళ్ల పైపు కూడా ఉండొచ్చు.

పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ లాంటి తీరం దగ్గరి ఇళ్లలో ఇంకో చిక్కు. ఉప్పు గాలికి స్క్రూలు, చక్రాలు తుప్పు పట్టి పట్టేస్తాయి. కదలకపోతే బలం చూపించకండి. లాగేటప్పుడు బుస్సుమని శబ్దం వస్తే పని ఆపేయండి. కిటికీలు తీయండి, పొయ్యి వెలిగించొద్దు, ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు, మెకానిక్‌ని పిలవండి.

ఫోన్ బయటికొచ్చాక

వెంటనే ఛార్జింగ్ పెట్టకండి. కంప్రెసర్ పక్కన పడి ఉన్న ఫోన్ వేడిగా ఉంటుంది. ఐఫోన్లను 45 డిగ్రీల సెల్సియస్ దాటిన చోట ఉంచొద్దని ఆపిలే చెబుతుంది. ఫ్యాన్ కింద చల్లారనివ్వండి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. తడిస్తే ఆఫ్ చేసి, పొడి గుడ్డతో తుడిచి, పోర్ట్ కిందికి ఉండేలా గాలికి ఆరబెట్టండి. బియ్యంలో పెట్టే చిట్కా వద్దు, ఆ నలకలు పోర్ట్‌లోకి వెళ్తాయి. వెనక ప్యానెల్ ఉబ్బినట్టున్నా, స్క్రీన్ పైకి లేచినా ఆ ఫోన్‌ని వాడకండి, నేరుగా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి.

రాత్రికి రాకపోయినా కంగారుపడి సిమ్ బ్లాక్ చేయించకండి, ఫోన్ ఇంట్లోనే ఉంది. కంప్యూటర్‌లో ముందే లింక్ చేసిన వాట్సాప్, ఫోన్ ఆఫ్ అయినా 14 రోజుల వరకు పనిచేస్తుంది. అలారానికి పాత గడియారం ఉండనే ఉంది.

మళ్లీ పడకుండా ఆ సందు మూసేద్దామని మాత్రం అనుకోకండి. ఫ్రిజ్ వేడి బయటికి పోయేది అందులోంచే. మూసేస్తే కరెంట్ బిల్లు పెరుగుతుంది, కంప్రెసర్ ఆయుష్షు తగ్గుతుంది. గాలి ఆడేలా ప్లాస్టిక్ జాలీ పెడితే సరిపోతుంది.

మా బావ ఫోన్‌కి టెంపర్డ్ గ్లాస్ మాత్రమే పగిలింది. ఇప్పుడు ఛార్జింగ్ హాల్లో టీవీ పక్కన పెడుతున్నాడు. ఫ్రిజ్ నెత్తి మీద ఊరగాయ జాడీ పెట్టింది మా అక్క, ఇంకెవరూ అక్కడ ఫోన్ పెట్టకుండా.