బైబిల్ పక్కనే రాజ్యాంగం

ఆదివారం ఆరాధన అయ్యాక మా యూత్ మీటింగ్‌లో ఇప్పుడు బైబిల్‌తో పాటు రాజ్యాంగమూ చదువుతున్నాం. ఎందుకంటారా? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా ఉండదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు. మాకు తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సీ కింద దక్కేది 1 శాతమే.

అందుకే మాలో కొందరికి చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. ఉద్యోగం వచ్చాక చూద్దామని బాప్తిస్మం వాయిదా వేసుకున్నవాళ్లూ ఉన్నారు. పోనీ, మతం మారితే కులం పోయిందా? పెళ్లి సంబంధం అనగానే 'మీరేమిట్లు?' అనే అడుగుతారు.

ఏటా నవంబరులో చాలా చర్చిలు దళిత్ లిబరేషన్ సండే జరుపుతాయి. ఆ ఒక్క ఆదివారంతో సరిపెట్టొద్దంటున్నాం. హోదా కోసం ప్రభుత్వాన్ని అడుగుదాం. దాంతోపాటే మాలలకో చర్చి, మాదిగలకో చర్చి అన్న తేడా మన దగ్గరే చెరిపేద్దాం.