పెట్టేసిన డబ్బుకి ఓటు లేదు

సొసైటీలో పంట అప్పుల పుస్తకాలు రాసే రోజుల్లో రైతుల నోట నేను తరచూ విన్న మాట: "ఇంత పెట్టీసినాం కదా బాబూ, ఇప్పుడు వొగ్గీమంటే ఎలాగ?" అర్థశాస్త్రంలో దీన్ని సంక్ కాస్ట్ అంటారు. అంటే ఖర్చయిపోయి, ఏం చేసినా వెనక్కి రాని డబ్బు. ఇకముందు ఏం చెయ్యాలో తేల్చుకునేటప్పుడు ఆ డబ్బుని లెక్కలోకి తేకూడదంటుంది శాస్త్రం. వినడానికి సులువే. ప్రాణమే ఒప్పదు.

ఎకరా చెరకు చూద్దాం. అంకెలు లెక్క కోసమే. దుక్కికి, ముచ్చెలకి, ఎరువులకి, జడచుట్లకి కలిపి 60 వేలు అయింది. నరికి, బండికెత్తి, గానుగాడి, బెల్లం వండడానికి ఇంకో 40 వేలు కావాలి. ఈలోగా ధర పడిపోయింది. దిమ్మలన్నీ అనకాపల్లి మార్కెట్‌కి తోలినా 70 వేలకి మించి రావు. "లక్ష పెట్టి డెబ్బై తెచ్చుకోడమేటి, తోట వొగ్గీడమే నయం" అనేవాడు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. కోపంలో న్యాయం ఉంది గానీ లెక్కలో లేదు. వదిలేస్తే పోయేది 60 వేలు. నరికితే పోయేది 30 వేలే. ఆ 60 వేలు నరికినా రావు, నరక్కపోయినా రావు. ఇవాళ తేల్చుకోవాల్సింది 40 వేలు పెట్టి 70 వేలు తెచ్చుకోవాలా వద్దా అన్నదొక్కటే.

అదే రైతు, అదే ధరకి, పైయేడు కొత్తగా ముచ్చెలు నాటుతానంటే మాత్రం నేను ఆపుతాను. అప్పుడు లక్ష మొత్తం ఇంకా జేబులోనే ఉంది కదా. నరికిన దుబ్బుల్నే మళ్లీ చిగురించనిచ్చి కార్శి తోట పెంచితే ముచ్చెల ఖర్చు తప్పుతుంది, అది ఇంకో లెక్క. సంక్ కాస్ట్ అంటే ఆపెయ్యమని చెప్పే సూత్రం అనుకుంటారు చాలామంది. ఆపమనీ చెప్పదు, సాగించమనీ చెప్పదు.

ఆపలేకపోయిన కథకి ప్రపంచం చెప్పుకునే పేరు కాంకార్డ్. ధ్వనిని మించిన వేగంతో ఎగిరే విమానం కోసం బ్రిటన్, ఫ్రాన్స్ 1962లో ఒప్పందం చేసుకున్నాయి. పెట్టుబడి తిరిగి రాదని మధ్యలోనే తెలిసినా ఆపలేదు. 1976లో ప్రయాణికుల్ని ఎక్కించుకుంది, 2003లో నేల దిగింది. కొని నడిపినవి ఆ రెండు దేశాల విమాన సంస్థలే.

అంత దూరం ఎందుకు, మా మండలంలోనే రాచపల్లి దగ్గర ఆన్‌రాక్ అల్యూమినియం ఫ్యాక్టరీ ఉంది. పెన్నా గ్రూపు, అరబ్ దేశంలోని రస్ అల్ ఖైమా పెట్టుబడి సంస్థ కలిసి తలపెట్టినది. ఏడాదికి 15 లక్షల టన్నుల అల్యూమినా తీసే సామర్థ్యంతో వేల కోట్లు పోసి కట్టారు. టన్ను అల్యూమినాకి రెండు మూడు టన్నుల బాక్సైట్ కావాలి. అది చింతపల్లి వైపు జెర్రెల కొండల నుంచి రావాలని ఏర్పాటు. 1997 నాటి సుప్రీంకోర్టు సమత తీర్పు ప్రకారం ఏజెన్సీ భూముల్ని ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదు. అందుకని ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వి, కంపెనీకి అమ్మేటట్టు ఒప్పందం రాసుకున్నారు. 2015లో 97వ నంబరు జీవో ఆ సంస్థకి 1,212 హెక్టార్ల అడవి ఇచ్చింది. గిరిజనులు గట్టిగా ఎదిరించారు, జీవో ఆగింది. 2019లో రద్దయింది. ఖనిజం రాక ఫ్యాక్టరీ ఏళ్ల తరబడి నిలిచిపోయింది.

ఆ రోజుల్లో నర్సీపట్నంలో ఏ టీకొట్టు దగ్గర నిలబడ్డా ఇదే వాదన: "అన్ని వేల కోట్లు పెట్టీసినారు, కొండ ఇవ్వకపోతే అంతా వృథా." చెరకు రైతు మాటే, సున్నాలు ఎక్కువ. ఫ్యాక్టరీ నడిస్తే ముందుముందు వచ్చే ఉద్యోగాలెన్ని, పన్నెంత అన్నది సరైన ప్రశ్న. కొండ తవ్వితే ఊటగెడ్డలు, కాఫీ తోటలు, ఊళ్లు ఏమవుతాయన్నదీ సరైన ప్రశ్నే. ఆ రెండూ తూచాలి. కాంక్రీటుకి ఎంతయిందన్న అంకెని తక్కెడలో ఏ వైపు వెయ్యడానికీ వీల్లేదు. కొండ కోల్పోతే తిరిగి రాదన్న సంగతిని, డబ్బు తిరిగి రాలేదన్న బాధతో కలిపెయ్యడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

అయితే పెట్టిన ప్రతి రూపాయీ మునిగినట్టు కాదు. యంత్రాన్ని ఇంకొకరికి అమ్మితే వచ్చే డబ్బు, స్థలం విలువ మునగలేదు. బాక్సైట్ బయటి నుంచి తెచ్చుకుని నడపగలిగితే, కట్టిన గోడలు పనికొస్తాయి. కొత్తగా కట్టుకునేవాడికి పడే ఖర్చు ఇక్కడ పడదు. అది నిజమైన లాభమే. రాసిచ్చిన ఒప్పందం సంగతీ అంతే. సంతకం పాతదే, దాన్ని తప్పితే పడే పరిహారం మాత్రం రేపటి ఖర్చు. రస్ అల్ ఖైమా సంస్థ మన దేశం మీద అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది ఇందుకే. కనక ప్రభుత్వం లెక్క వేసేటప్పుడు కంపెనీ పోసిన కోట్లు పక్కన పెట్టొచ్చు గానీ, తను పెట్టిన సంతకం పక్కన పెట్టడానికి లేదు.