ఆట ముగిశాక ఆటగాడు: సయ్యద్ ఆబిద్ అలీ కథ



సాయంత్రం పూట బీదర్‌లో ఏ మైదానం పక్కగా వెళ్ళినా పిల్లల అరుపులు వినిపిస్తాయి. ఒకడు తెలుగులో, ఒకడు కన్నడంలో, మరొకడు ఉర్దూలో బంతి అడుగుతుంటాడు. ఆ పిల్లల్లో ఎందరు పెద్ద ఆటగాళ్ళవుతారు? బహుశా ఒక్కడూ కాకపోవచ్చు. అలాంటప్పుడు, "చదువు మాని ఈ ఆటలెందుకురా, రేపు తిండి పెడతాయా?" అని తండ్రి కోప్పడితే తప్పు పట్టగలమా? ఆ ప్రశ్నకు ఒక మనిషి జీవితంలో జవాబు వెదుకుదాం. ఆయన సయ్యద్ ఆబిద్ అలీ.

ఆబిద్ అలీ 1941 సెప్టెంబరు 9న హైదరాబాదులో పుట్టారు. అప్పుడు మన బీదరు కూడా ఆ హైదరాబాదు సంస్థానంలోనిదే. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగి బీదరు మైసూరు రాష్ట్రంలో చేరింది. సరిగ్గా ఆ ఏడాదే, ఇంకా బడిలో చదువుకుంటున్న ఆబిద్ అలీ హైదరాబాదు పాఠశాలల జట్టుకు ఎంపికయ్యారు. సెలెక్టర్లను మొదట ఆకట్టుకున్నది ఆయన బ్యాటింగూ కాదు, బౌలింగూ కాదు, ఫీల్డింగు. కేరళ పిల్లలతో ఆడిన ఆటలో 82 పరుగులు చేసి, ఉత్తమ ఫీల్డరు బహుమతి కూడా తెచ్చుకున్నారు.

కొన్నేళ్ళకు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఒక క్రికెట్ జట్టును కూర్చి, ఆయనకు ఉద్యోగం ఇచ్చింది. ఈ సంగతి మనం గమనించాలి. ఆ రోజుల్లో క్రికెట్ ఆడితే పేరు వచ్చేది గాని ఇల్లు గడిచేది కాదు. బ్యాంకులు, రైల్వేలు ఇచ్చే ఉద్యోగాలే ఆటగాళ్ళకు అన్నం పెట్టేవి. బ్యాంకు జట్టులో ఆయన మొదట వికెట్ కీపరు, తరువాతే బౌలరు అయ్యారు. రంజీ ట్రోఫీలో అడుగుపెట్టాక కూడా మొదటి సెంచరీ కోసం 1967 దాకా ఆగవలసి వచ్చింది. ఎనిమిదేళ్ళ నిరీక్షణ! మరొకరైతే ఆట వదిలేసేవారేమో.

ఆ ఏడాది ఎవరూ అనుకోని విధంగా ఆస్ట్రేలియా పర్యటనకు ఆయన పేరు వచ్చింది. అడిలైడ్‌లో ఆడిన మొట్టమొదటి టెస్టులోనే 55 పరుగులిచ్చి 6 వికెట్లు తీశారు. తరువాత ఆయన్ను ఇన్నింగ్స్ ప్రారంభించడానికి పంపారు. సిడ్నీ టెస్టు రెండు ఇన్నింగ్సుల్లో 78, 81 పరుగులు చేశారు. ఆ సిరీస్‌లో నాలుగు టెస్టులూ మన జట్టు ఓడింది. అయినా ఏ పని అప్పగించినా కాదనని మనిషి ఒకడు దొరికాడని అందరికీ తెలిసింది.

ఆ రోజుల్లో మన బలమంతా స్పిన్నర్లది. బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకట్రాఘవన్. కొత్త బంతి గట్టిగా, నున్నగా ఉంటుంది కనుక స్పిన్నర్ల చేతిలో అంతగా తిరగదు. మరి ఆ కొత్తదనం పోయేదాకా కొన్ని ఓవర్లు ఎవరో ఒకరు వేయాలి కదా? ఆ పని ఆబిద్ అలీది. పెళ్ళిలో పందిరి వేసేవాడిలాంటి పని అది. పందిరి లేనిదే పెళ్ళి జరగదు, కాని ఫోటోలో పందిరి వేసినవాడు కనబడడు.

అయినా 1971లో ఆయన ఫోటోలోకి వచ్చారు. వెస్టిండీస్ మీద మన జట్టు మొట్టమొదటిసారి టెస్టు గెలిచిన పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో, గవాస్కర్ గెలుపు పరుగు తీస్తున్నప్పుడు అవతలి వికెట్ దగ్గర ఉన్నది ఆబిద్ అలీ. అదే ఏడాది ఆగస్టు 24న లండన్ ఓవల్ మైదానంలో మన లక్ష్యం 173. స్కోరు 170 దగ్గర ఉండగా విశ్వనాథ్ అవుటయ్యారు. అప్పుడు బ్యాటు పట్టుకుని దిగిన ఆబిద్ అలీ, లక్‌హర్స్ట్ వేసిన బంతిని ఫోర్ కొట్టి ఆట ముగించారు. ఇంగ్లండు గడ్డ మీద మన మొదటి టెస్టు విజయం అది. రేడియో పెట్టెల చుట్టూ గుంపులు కట్టి విన్న పెద్దలు మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు.

మొత్తం 29 టెస్టుల్లో 1018 పరుగులు, 47 వికెట్లు. అందులో ఒక్క సెంచరీ కూడా లేదు. 1974 చివరలో ఆఖరి టెస్టు ఆడారు. 1975లో మొదటి ప్రపంచ కప్‌లో న్యూజిలాండ్ మీద 70 పరుగులు చేసి, 2 వికెట్లు తీశారు. ఆ ఆట మనం ఓడిపోయాం.

శ్రోతలారా, సాధారణంగా మన పత్రికలు ఇక్కడితో కథ ఆపేస్తాయి. కాని మనకు కావలసిన కథ ఇక్కడే మొదలవుతుంది.

1980లో ఆయన అమెరికాలోని కాలిఫోర్నియాకు వెళ్ళారు. అయినా ఆట ఆయన్ను వదలలేదు. అంతకుముందే కొన్నేళ్ళు హైదరాబాదు జూనియర్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. 1990ల చివర్లో మాల్దీవులకు కోచ్‌గా వెళ్ళారు. సముద్రం మధ్య చిన్న చిన్న దీవుల దేశం అది. 2001-02లో ఆంధ్ర రంజీ జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ ఏడాది దక్షిణ మండలం లీగులో ఆంధ్ర మొదటి స్థానంలో నిలిచింది. ఆ తరువాత యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ జట్టు. మన ప్రాంతం నుంచి గల్ఫుకు వెళ్ళినవారికి అక్కడి సంగతి తెలుసు. పగలంతా ఉద్యోగం చేసి, సాయంత్రం ప్యాడ్లు కట్టుకునే భారతీయులు, పాకిస్తానీయులు ఆ దేశపు క్రికెట్‌కు వెన్నెముక. బ్యాంకు ఉద్యోగం చేస్తూ ఆడిన మనిషికి వారి అలసట అర్థం కాదా?

పెద్ద పేరున్న ఆటగాడే మంచి కోచ్ అవుతాడని చాలామంది అనుకుంటారు. అది అన్నివేళలా నిజం కాదు. పుట్టుకతోనే వచ్చిన విద్యను ఇతరులకు విడమరచి చెప్పడం కష్టం. కీపరుగా మొదలై, బౌలరుగా మారి, ఓపెనరుగానూ దిగినవాడికి ప్రతి మెట్టూ ఎక్కిన జ్ఞాపకం ఉంటుంది. ఏ మెట్టు దగ్గర కాలు జారుతుందో అతడు చెప్పగలడు. హైదరాబాదుకే చెందిన ఎస్.ఎ. రహీం ఒక బడిపంతులు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్ జట్టుకు బంగారు పతకం తెచ్చిన కోచ్ ఆయనే.

నేటి పిల్లలకు దారులు మరికొన్ని ఉన్నాయి. 1961లో పటియాలాలో ఏర్పడిన జాతీయ క్రీడా సంస్థ కోచింగ్‌లో డిప్లొమా ఇస్తుంది. క్రికెట్ బోర్డు అంచెలవారీగా కోచ్‌లకు శిక్షణ ఇచ్చి పరీక్షలు పెడుతుంది. బడిలో వ్యాయామోపాధ్యాయుడి ఉద్యోగం ఉండనే ఉంది. అయితే వీటన్నిటికీ చదువు కావాలి. కనుక తండ్రి కోపంలో సగం న్యాయముంది. ఆట కోసం చదువు మానకూడదు. అలాగే చదువు కోసం ఆట మానవలసిన పనీ లేదు.

ఆబిద్ అలీ 2025 మార్చి 12న కాలిఫోర్నియాలో, 83 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. చివరి సంవత్సరాల్లోనూ అక్కడి పిల్లలకు బ్యాటు పట్టడం నేర్పిన మనిషి ఆయన. ఓవల్‌లో కొట్టిన ఆ ఫోరు ఒక్క క్షణంలో అయిపోయింది. నేర్పిన ఆట మాత్రం హైదరాబాదులో, విశాఖలో, దుబాయిలో, అమెరికాలో ఎందరి చేతుల్లోనో ఇంకా నడుస్తోంది.

రేపు మీ అబ్బాయో అమ్మాయో మట్టి కొట్టుకున్న బట్టలతో ఇంటికి వస్తే, కోప్పడే ముందు ఒక్క మాట అడగండి: "ఈ రోజు ఏం నేర్చుకున్నావు? ఎవరికైనా ఏమైనా నేర్పావా?" అని.